నడిదారి ఊరు చివరి ఊరైన వైనం

మన దేశంలో ‘చివరి ఊళ్లు’ చాలానే ఉన్నాయి. బదరీనాథ్ దాటి కాస్త ముందుకు వెళితే మానా వస్తుంది. అక్కడ చివరి టీ దుకాణమని బోర్డు. హిమాచల్ ప్రదేశ్‌లోని చిత్‌కుల్‌లో చివరి ధాబా. లద్దాఖ్‌లో షయోక్ నది ఒడ్డున ఉన్న తుర్తుక్ కూడా చివరి ఊరేనని యాత్రలు నడిపేవాళ్లు చెబుతారు, దాని తరువాత త్యాక్షీ, థాంగ్ అనే ఊళ్లు ఇంకా ఉన్నా సరే. 2022 అక్టోబరులో ప్రధానమంత్రి మానాకు వెళ్లినప్పుడు సరిహద్దు ఊళ్లను చివరివి అనవద్దు, దేశానికి మొదటి ఊళ్లు అనాలి అన్నారు. మర్యాద పెరిగింది కానీ కొలబద్ద మారలేదు. మొదటిదన్నా చివరిదన్నా లెక్క మొదలయ్యేది రాజధాని నుంచో, సరిహద్దు గీత నుంచో. ఊళ్లో నిలబడి చూస్తే తుర్తుక్ ఆ రెండూ కాదు. అది దారి మధ్యలో ఉన్న ఊరు. దాన్ని ఆ మధ్య నుంచి అంచుకు నెట్టిన చరిత్రకు ఎనభై ఏళ్లు కూడా నిండలేదు.

లేహ్ నుంచి తుర్తుక్‌కు సుమారు 205 కిలోమీటర్లు. ముందు 5,359 మీటర్ల ఎత్తున్న ఖర్దుంగ్‌లా కనుమ ఎక్కి దిగాలి. అవతల నుబ్రా లోయ, దిస్కిత్, ఇసుక దిబ్బల హుందర్ వస్తాయి. అక్కడి నుంచి షయోక్ వెంట వాయవ్య దిశగా వెళుతుంటే లోయ ఇరుకవుతుంది. రెండు పక్కలా గడ్డిపోచ మొలవని రాతి గోడలు. బోగ్దంగ్, చలుంకా దాటాక ఒక్కసారిగా పచ్చదనం కనిపిస్తుంది: ఆప్రికాట్, వాల్‌నట్ చెట్లు, మెట్లు మెట్లుగా చేలు. ఇంత కొండ దాటి వచ్చాం కాబట్టి ఇంకా పైకి వచ్చామనుకుంటారు కొత్తవాళ్లు. నిజానికి దిగారు. లేహ్ పట్టణం 3,500 మీటర్ల ఎత్తున ఉంటే తుర్తుక్ సుమారు 2,900 మీటర్ల దగ్గరే ఉంది. ఊరి బతుకును తీర్చిదిద్దిన సంగతుల్లో ఈ ఆరు వందల మీటర్ల తేడా ఒకటి. రెండోది నది వాలు.

షయోక్ కారాకోరం పర్వతాల్లోని రిమో హిమానీనదం దగ్గర పుట్టి, ముందు ఆగ్నేయంగా పారి, తరువాత మొండిగా వెనక్కి తిరిగి వాయవ్యానికి మళ్లుతుంది. పై భాగంలో దానిలో కలిసే ఉపనదుల్లో ఒకటి గల్వాన్. 2020 జూన్‌లో సూర్యాపేటకు చెందిన కల్నల్ సంతోష్‌బాబు ప్రాణాలు కోల్పోయింది ఆ ఒడ్డునే. తెలుగు ఇళ్లలో ఆ పేరు అప్పుడే వినబడింది. ఆ నీళ్లే షయోక్‌లో కలిసి, దిస్కిత్ దగ్గర నుబ్రా నదిని కలుపుకొని తుర్తుక్ కింద నుంచి పారి, నియంత్రణ రేఖ దాటి ఖప్లూ పట్టణం మీదుగా వెళ్లి కేరిస్ దగ్గర సింధునదిలో పడతాయి. అంటే ఒకే నది తూర్పున చైనాతో తగాదా ఉన్న చోటు నుంచి పడమట పాకిస్తాన్‌తో తగాదా ఉన్న చోటుకు నడుస్తుంది. తుర్తుక్ ఈ రెండో చివర ఉంది.

పటం మీద వేలు పెట్టి చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. తుర్తుక్ నుంచి ఖప్లూ వెళ్లడానికి కనుమ ఎక్కనక్కరలేదు. నది వాలున ఒడ్డు వెంట నడిస్తే చాలు. లేహ్ వెళ్లాలంటే మాత్రం చలికాలంలో మంచు కప్పేసే ఎత్తయిన కనుమ అడ్డం. కొండలు గీత గీసి ఉంటే అవి ఖర్దుంగ్‌లా మీదే గీసేవి. మనుషులు గీసిన గీత సులువైన దారిని మూసి, కష్టమైన దారిని ఉంచింది. మారుమూల ఊరు అనగానే ప్రకృతి దాన్ని దూరంగా పెట్టిందని అనుకోవడం మనకు అలవాటు. ఈ ఊరి విషయంలో ఆ నింద కొండల మీద వేయడానికి లేదు.

పాత కాలంలో ఈ ప్రాంతం బల్తిస్తాన్‌లో భాగం. చోర్బట్ అని పిలిచే ఈ నదీతీరాన్ని ఖప్లూ కేంద్రంగా యబ్గో వంశం ఏలింది. యబ్గో అన్నది మధ్య ఆసియా తురుష్క బిరుదు. ఆ వంశపు శాఖ ఒకటి తుర్తుక్‌లో ఇప్పటికీ ఉంది. వాళ్ల పాత నివాసంలో ఒక భాగం చిన్న ప్రదర్శనశాల అయింది. ఖప్లూలోని బంధువుల కోటేమో హోటలైంది. ఒకే కుటుంబపు ఆస్తి రెండు దేశాల పర్యాటకులకు చూడదగ్గ స్థలమైందన్నమాట, ఒకరి అతిథులు ఇంకొకరి ఇంటికి వెళ్లే వీలు లేకుండా.

ఇక్కడివాళ్లు ఒకప్పుడు బౌద్ధులు. పద్నాలుగో శతాబ్దంలో ఇరాన్ నుంచి కశ్మీర్ మీదుగా వచ్చిన సూఫీ గురువు సయ్యద్ అలీ హమదానీ పేరుతో ఇస్లాం చేరింది. ఖప్లూలోని చక్‌చన్ మసీదు 1370 నాటిదని చెబుతారు. తరువాతి శతాబ్దంలో నూర్‌బక్షీ సంప్రదాయం పాతుకుంది. ప్రపంచంలో ఇంకెక్కడా పెద్దగా మిగలని ఆ సూఫీ శాఖ బల్తీల మధ్య ఇప్పటికీ బతికే ఉంది. తుర్తుక్‌లో దానితోపాటు సున్నీలూ ఉన్నారు. మతం మారినా కథలు మారలేదు. టిబెట్ నుంచి మంగోలియా దాకా పాడుకునే గెసర్ వీరగాథను బల్తీ ముస్లింలు కేసర్ కథగా చెప్పుకుంటూనే వచ్చారు. ఊరి పైన గుట్ట మీద చిన్న బౌద్ధ గొంపా కూడా ఉంది.

1840లో జమ్మూ డోగ్రా సేనాని జోరావర్ సింగ్ బల్తిస్తాన్‌ను జయించాడు. 1947కు ముందు లేహ్, కార్గిల్, స్కర్దూ మూడూ కలిసి లద్దాఖ్ వజారత్ అనే ఒకే పాలన కింద ఉండేవి. తాసీల్దారు కచేరీలు వేరైనా దారులు తెరిచే ఉన్నాయి. తుర్తుక్ రైతు ఎండు ఆప్రికాట్లు, వెన్న మోసుకొని పైకీ కిందికీ రెండు వైపులా పోగలిగిన రోజులవి.

మొదటి కోత 1948లో పడింది. గిల్గిత్ స్కౌట్స్ అనే స్థానిక దళం తిరుగుబాటు తరువాత ఆ ఏడాది ఆగస్టులో స్కర్దూ పతనమైంది. బల్తిస్తాన్ పాకిస్తాన్ అధీనంలోకి వెళ్లింది. దాడి నుబ్రా దాకా వచ్చింది. దాన్ని ఆపినవాళ్లలో సుమూర్ ఊరి కుర్రాడు చెవాంగ్ రించెన్ ఒకడు. పదిహేడేళ్లకే మహావీర చక్ర అందుకున్నాడు. 1949 జనవరి 1న కాల్పులు ఆగేనాటికి బోగ్దంగ్ భారత్ వైపు, దాని పక్కనే ఉన్న చలుంకా పాకిస్తాన్ వైపు మిగిలాయి. రెండూ బల్తీ ఊళ్లే. పై వైపు దారి అలా మూసుకుపోయింది. తుర్తుక్ ఖప్లూవైపు తిరిగి ఇరవై మూడేళ్లు పాకిస్తాన్ ఊరిగా ఉంది. చదువుకు స్కర్దూకు, కూలికి కరాచీకి, కొలువుకు సైన్యంలోకి పిల్లలు వెళ్లేవారు. ఏ కొండ ఊరి నుంచైనా అలాగే వెళతారు. అదే తరువాత గాయమైంది.

1971 డిసెంబరులో రెండో కోత. అప్పటికి మేజరైన అదే రించెన్, లద్దాఖ్ స్కౌట్స్, నుబ్రా గార్డ్స్ సైనికులతో పర్తాపూర్ సెక్టారులో చలుంకా స్థావరాలను పట్టుకున్నాడు. గడ్డకట్టే చలిలో, శిఖరాల మీదుగా నడిచి, పై నుంచి దిగి కొట్టడం ఆ దాడి పద్ధతి. రోజుల వ్యవధిలో చలుంకా, తుర్తుక్, త్యాక్షీ, థాంగ్ చేతికి వచ్చాయి. సుమారు 800 చదరపు కిలోమీటర్లు. రించెన్‌కు రెండోసారి మహావీర చక్ర వచ్చింది. ఇందులో గమనించాల్సింది ఒకటుంది. ఊరి తలరాతను రెండుసార్లు మార్చిన యుద్ధాల్లో ముందు నిలిచినవాడు దూరం నుంచి వచ్చినవాడు కాదు, ఎగువన నుబ్రా లోయలో పుట్టిన పొరుగువాడు. బల్తీకి దగ్గరి చుట్టమైన లద్దాఖీ అతని ఇంటి భాష.

దండు ఇంకా ముందుకు పోయేదే. డిసెంబరు 17 రాత్రి ఎనిమిది గంటలకు కాల్పుల విరమణ అమల్లోకి వచ్చింది. ఆ గడియలో సైనికులు ఎక్కడ ఉంటే అక్కడే గీత. అటు వైపు మొదటి ఊరు ఫరాను; ఇటు వైపు చివరిది థాంగ్. రెండూ ఒకదానికొకటి కనిపిస్తాయి.

యుద్ధంలో గెలిచిన భూమి అంతా గెలిచినవాడికే మిగలదు. అదే యుద్ధంలో సింధ్‌లోని థార్‌పార్కర్ ప్రాంతంలోనూ భారత సైన్యం చాలా దూరం చొచ్చుకుపోయింది. 1972 జులైలో కుదిరిన సిమ్లా ఒప్పందం ప్రకారం ఆ భూమిని తిరిగి ఇచ్చేశారు. తుర్తుక్‌ను ఇవ్వలేదు. కారణం ఒప్పందంలోని చిన్న తేడా. రెండు దేశాలూ ఒప్పుకున్న అంతర్జాతీయ సరిహద్దు ఉన్న చోట సైన్యాలు పాత హద్దుకు తిరిగి వెళ్లాలి. జమ్మూ కశ్మీర్‌లో మాత్రం 1971 డిసెంబరు 17 నాటి కాల్పుల విరమణలో ఏర్పడిన గీతనే ఇద్దరూ గౌరవించాలి. అక్కడ ఒప్పుకున్న సరిహద్దు లేదు కాబట్టి పట్టుకున్నది పట్టుకున్నవాడి దగ్గరే ఉండిపోయింది. ఈ నియమం రెండు వైపులా పనిచేసింది: జమ్మూ వైపు ఛంబ్ ప్రాంతాన్ని పాకిస్తాన్ ఉంచుకుంది, అక్కడి జనం కాందిశీకులై ఇటు వచ్చారు. కార్గిల్ దగ్గర హుందర్‌మాన్ కూడా తుర్తుక్‌లాగే ఆ యుద్ధంలో భారత్‌లోకి వచ్చింది. అక్కడి పాత ఊరు ఇప్పుడు ఖాళీ రాతి గోడలు. తుర్తుక్ మాత్రం చాలావరకు జనంతో సహా దేశం మారింది. ఛంబ్‌వాసులు ఊరు పోగొట్టుకొని దేశంలో ఉండిపోయారు. తుర్తుక్‌వాసులు ఊళ్లోనే ఉండి దేశం మారారు. ఏది పెద్ద నష్టమో బయటివాళ్లు తూకం వేయడం కష్టం.

ఆ డిసెంబరులో ఊళ్లో లేనివాళ్ల సంగతి చెప్పుకోవాలి. చదువుకని వెళ్లిన కొడుకు, చాకిరీకని వెళ్లిన భర్త, పుట్టింటికి వెళ్లిన కోడలు... వారం రోజుల్లో వస్తామని చెప్పి వెళ్లినవారికి ఇల్లు పరాయి దేశంలో పడింది. ఖప్లూ వంద కిలోమీటర్లకు అటూ ఇటూ. ఇప్పుడు ఖప్లూలో ఉన్న అన్నను చూడాలంటే తుర్తుక్ మనిషి ముందు లేహ్ చేరాలి, కశ్మీర్, జమ్మూ మీదుగా అమృత్‌సర్ వెళ్లాలి, వీసా ఉంటే, వాఘా తెరిచి ఉంటే లాహోర్ దాటాలి, ఇస్లామాబాద్ నుంచి మళ్లీ కొండలెక్కి స్కర్దూ, అక్కడి నుంచి ఖప్లూ. దారి లెక్క వేస్తే రెండు వేల కిలోమీటర్ల పైనే. ఆ ఖర్చు భరించి, ఆ కాగితాలు సంపాదించి వెళ్లగలిగినవాళ్లు కొద్దిమంది. మిగిలినవారికి ఉత్తరాలు, తరువాత క్యాసెట్లలో రికార్డు చేసి పంపే మాటలు, ఈ మధ్య ఇంటర్నెట్. ఒక తరం మనుషులు తమ వాళ్ల ముఖం ముసలితనంలోనే, అదీ ఫోను తెర మీదే మళ్లీ చూశారు.

రాజకీయం ఎన్ని మలుపులు తిరిగినా ఊరి రోజువారీ పని మారలేదు. లేహ్‌లో ఏడాదికి పడే వాన సగటున 100 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది; ఈ లోయదీ దాదాపు అలాంటి బతుకే. కరువు సీమ అని మనం చెప్పుకునే అనంతపురంలో కూడా ఏటా 500 మిల్లీమీటర్లకు పైనే పడుతుంది. అంటే వానను నమ్మి ఇక్కడ గింజ వేయరు. పై మంచు కరిగి వచ్చే వాగు నీళ్లు కాలువల్లో ఇంటింటి పక్క నుంచి పారతాయి. ఏ చేనుకు ఎప్పుడు నీళ్లు తిప్పాలో వంతులు ఉంటాయి. వాగుకు ఒక పక్క పాత ఊరు యూల్, ఇంకో పక్క మెట్ట మీద ఫరోల్, మధ్య వంతెన. ఎత్తు తక్కువ కావడంతో లద్దాఖ్‌లో చాలా ఊళ్లకు లేని సౌకర్యం ఈ ఊరికి ఉంది: ఏటా రెండు పంటలు. వసంతంలో వేసిన బార్లీ వేసవి నడుమ కోతకు వస్తుంది. చేను ఎండకముందే దున్ని బక్‌వీట్ చల్లుతారు. ఉత్తరాది ఉపవాసాల్లో కుట్టు పిండి అని వాడేది దీన్నే. తక్కువ రోజుల పంట కాబట్టి మంచు పడేలోపు చేతికి వస్తుంది. శరదృతువులో ఆ గులాబీ రంగు పూల చేలు ఫొటోలలో అందంగా ఉంటాయి. ఊరివాళ్లకు అది చలికాలపు రొట్టె. పలుచగా దోసెలా పోసి కాల్చే ఆ రొట్టెను కిసిర్ అంటారు.

ఊళ్లో అన్నిటికంటే తెలివైన కట్టడం రాజుల ఇల్లూ కాదు, చెక్కపని ఉన్న పాత మసీదూ కాదు. నంగ్‌చుంగ్. బల్తీలో చల్లని గది అని అర్థం చెబుతారు. బయటి నుంచి చూస్తే రాళ్ల కుప్పకు తలుపు పెట్టినట్టు ఉంటుంది. వంగి లోపలికి దూరాలి. సున్నం, మట్టి లేకుండా రాయి మీద రాయి పేర్చిన మందపు గోడలు. కొండ చరియ రాళ్ల సందుల్లో నుంచి చల్లగాలి వచ్చే చోటు చూసి దీన్ని కడతారు. రాళ్ల మధ్య వదిలిన ఖాళీల గుండా ఆ గాలి లోపలికి తగులుతూ ఉంటుంది. బయట జులై ఎండ మాడుస్తుంటే లోపల పెట్టిన చేతికి వణుకు పుడుతుంది. వెన్న, పెరుగు, మాంసం అందులో పెడతారు. కరెంటు బిల్లు లేని ఫ్రిజ్ అని ఇప్పుడు గైడ్లు పర్యాటకులకు చెబుతున్నారు. నిజమే కానీ అందులో అసలు గొప్పతనం చలువ కాదు, గాలి ఎక్కడి నుంచి వస్తుందో కనిపెట్టి అక్కడే గోడ లేపిన చూపు. అలాంటి చోటు తప్పితే ఎన్ని రాళ్లు పేర్చినా అది ఉత్త గదే.

ఆప్రికాట్ ఇక్కడి డబ్బు పంట. హైదరాబాద్ పెళ్లి భోజనాల్లో ఖుబానీ కా మీఠా తిన్నవారికి ఈ పండు పరాయిది కాదు. ఎండిన పండును ఉడికించి, గింజ పగలగొట్టి తీసిన పప్పును పైన వేస్తారు చూడండి, ఆ జాతే. జులైలో పండు దిగాక ఊరి మిద్దెలన్నీ నారింజ రంగుకు తిరుగుతాయి. రాయలసీమ మట్టి మిద్దెల్లా దూలాల మీద పుల్లలు పరిచి మన్ను మెత్తిన చదును కప్పులు అవి. పండ్లు ఎండబెట్టడానికే కట్టారా అన్నట్టు సరిపోతాయి. పండు విప్పి ఎండకు పెట్టడం ఒక పని, మిగిలిన గింజలతో ఇంకో పని. చలికాలంలో పొయ్యి చుట్టూ కూర్చొని పెద్ద రాయి మీద గింజ నిలబెట్టి చిన్న రాయితో కొడతారు. గట్టిగా కొడితే పప్పు నలిగిపోతుంది, మెల్లగా కొడితే పెంకు పగలదు. తియ్యని పప్పు తినడానికి. చేదు పప్పు నూరి, వెచ్చని నీళ్లు చిలకరించి పిసికితే నూనె దిగుతుంది; అది జుట్టుకు, కీళ్లకు. పెంకులు పొయ్యిలోకి. పారేసేది ఏమీ ఉండదు.

బల్తీ భాష కూడా ఈ నంగ్‌చుంగ్ లాంటిదే, పాత సరుకును చెడకుండా దాచింది. టిబెటన్ లిపిలో రాసే మాటల్లో మొదట కొన్ని హల్లులు ఉంటాయి. లాసాలో వాటిని రాస్తారే గాని పలకరు. మూడు అన్న మాట రాతలో గకారంతో మొదలవుతుంది, లాసాలో పలికేది సుమ్ అనే. బల్తీలో ఖ్సుమ్. ఏడుకు లాసాలో దున్, బల్తీలో బ్దున్. వెయ్యేళ్ల కిందటి ఉచ్చారణ ఎలా ఉండేదో తెలుసుకోవాలంటే పండితులు బల్తీ వైపు చూస్తారు. శాసనాల నాటి ఱకారాన్ని అక్షరమాలలో ఉంచుకొని నాలుక మీద పోగొట్టుకున్న మనకు ఈ సంగతి తేలికగానే అర్థమవుతుంది. చిత్రమేమిటంటే, టిబెటన్ పాత ధ్వనులను ఇంత భద్రంగా కాపాడినవాళ్లు ఆ లిపిని వదిలేసి ఫార్సీ-అరబిక్ లిపిలో రాసుకుంటారు. 2025లో లద్దాఖ్‌కు అధికార భాషలు ప్రకటించినప్పుడు ఇంగ్లిష్, హిందీ, ఉర్దూలతోపాటు భోతీ, పుర్గీలకు చోటు దక్కింది. బల్తీ ప్రోత్సహించాల్సిన భాషల వరుసలో ఉండిపోయింది. బల్తీలకు షెడ్యూల్డ్ తెగ హోదా మాత్రం 1989 నుంచీ ఉంది.

1971 తరువాత నలభై ఏళ్లు ఈ ఊరిని దేశం దాచిపెట్టిందనే చెప్పాలి. లద్దాఖ్‌ను 1974లో పర్యాటకులకు తెరిచారు, నుబ్రాను 1994లో. తుర్తుక్ వంతు 2010లో వచ్చింది. ఆ నలభై ఏళ్లలో ఊరికి దొరికిన పని ఎక్కువగా సైన్యం ఇచ్చిందే: మూటలు మోయడం, దారులు వేయడం. 1984లో సియాచిన్ మీద సైన్యం ఎక్కాక ఈ లోయలో సైనికుల రాకపోకలు ఇంకా పెరిగాయి. పని ఇచ్చే సైన్యమే అనుమానంగానూ చూసేది. 1999 కార్గిల్ యుద్ధంలో ఆ అనుమానం బయటపడింది. తుర్తుక్ ఉప సెక్టారులోనూ పోరాటం జరిగింది. రాజ్‌పుతానా రైఫిల్స్‌కు చెందిన కెప్టెన్ హనీఫుద్దీన్ ఆ జూన్‌లో ఇక్కడే మరణించాడు. ఆ ఉప సెక్టారుకు తరువాత ఆయన పేరే పెట్టారు. అవతల నుంచి వచ్చిన పాకిస్తాన్ దళం నార్దర్న్ లైట్ ఇన్‌ఫాంట్రీలో గిల్గిత్, బల్తిస్తాన్ యువకులే ఎక్కువ. అంటే దాడి చేసినవాళ్లలో ఈ ఊరి బంధువులు ఉండడానికి అవకాశం ఉంది. చొరబాటుదారులకు సాయపడ్డారన్న అనుమానంతో ఊరి మగవాళ్లు కొందరిని అరెస్టు చేశారు. తరువాత సైన్యమే ఆపరేషన్ సద్భావన పేరిట బడులు, వైద్య శిబిరాలతో మనసులు కూడగట్టే పని పెట్టుకుంది. 2003 నవంబరు కాల్పుల విరమణ లేకపోతే ఫిరంగుల మోతలో ఎవరి సద్భావనా నిలిచేది కాదు. ఊరు పర్యాటకులకు తెరుచుకోవడానికి కూడా అసలు పునాది అదే.

2010 తరువాత ఊరు డబ్బు చూసింది. మూడు వేల పైచిలుకు జనం ఉన్న చోట అతిథి గృహాలు, బల్తీ భోజనశాలలు, తోటల్లో గుడారాలు వెలిశాయి. వేసవిలో మోటారు సైకిళ్ల మీద వచ్చే గుంపుల్లో హైదరాబాద్, విజయవాడ బళ్లు కూడా కనబడతాయి. అయితే పర్యాటకుల కాలం కూడా ఆప్రికాట్ కాలమే: మే నుంచి సెప్టెంబరు దాకా. ఇంటి చేతులు అవే. అతిథికి టీ పెట్టాలా, మిద్దె మీద పండ్లు తిప్పాలా అన్న ఇబ్బంది సరిగ్గా ఆ నెలల్లోనే వస్తుంది. చేనుకు నీళ్లు తిప్పడం కంటే గది అద్దెకు ఇవ్వడం సులువు కాబట్టి ఏది గెలుస్తుందో ఊహించవచ్చు. ఇక్కడ ఒక మాట అనక తప్పదు. వచ్చేవాళ్లలో చాలామందికి ఊరితో పని లేదు. ‘పాకిస్తాన్‌లో ఉండిన ఊరు’ చూశామని చెప్పుకోవడమే పని. మీకు ఏ దేశం ఇష్టమని ముసలివాళ్లను అడిగే ప్రశ్న ఆతిథ్యానికి బదులు ఇవ్వదగినది కాదు. అడిగేవాడు సెలవు అయిపోగానే వెళ్లిపోతాడు. జవాబు చెప్పినవాడు అక్కడే ఉండాలి.

ఇప్పుడు తారు రోడ్డు థాంగ్ దాకా ఉంది. అక్కడ దుర్భిణిలో ఎదుటి కొండ కింద ఫరాను ఇళ్లు, చేలలో మనుషులు కనబడతారు. 2005లో శ్రీనగర్-ముజఫరాబాద్ బస్సు మొదలైనప్పుడు ఇంకొన్ని దారులు కూడా తెరవాలన్న ప్రతిపాదనలు వచ్చాయి; వాటిలో కార్గిల్-స్కర్దూతోపాటు తుర్తుక్-ఖప్లూ కూడా ఉంది. ఆ రెండూ తెరుచుకోలేదు. 2019లో ముజఫరాబాద్ బస్సు కూడా ఆగిపోయింది. అదే ఏడాది లద్దాఖ్ కేంద్రపాలిత ప్రాంతమైంది. 2024లో నుబ్రాను జిల్లా చేస్తామని కేంద్రం ప్రకటించింది. దిస్కిత్ కచేరీ దగ్గరవుతుందేమో గాని ఖప్లూ దగ్గర కాదు. ఆ దారి తెరవమని అడిగే గొంతులు ఇప్పటికీ ఉన్నాయి. కానీ దాని మీద నడిచి వెళ్లి పెళ్లిళ్లకు హాజరైనవారు 1971 నాటికి ఇరవై ఏళ్లవాళ్లయినా ఇప్పుడు డెబ్బై దాటారు. వాళ్ల మనవళ్లు ఖప్లూ ఎలా ఉంటుందో పర్యాటకులు పెట్టే వీడియోలలో చూస్తున్నారు.